గాలిమరల ప్లాంటుకి వోల్టేజ్ నిలబడాలంటే కెపాసిటరా, స్టాట్‌కామా, ఇంకేమన్నానా? కొనే ముందు ఇవి చూసుకోండి

తిరుమల కొండ మీద తిరిగే గాలిమరలు చూస్తా పెరిగినోళ్లమే గానీ మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గాలి కరెంటు పెద్దగా లేదు, అసలు గాలంతా అనంతపురం, కర్నూలు, కడప పక్క ఉండాది, లేదంటే కిందికి తమిళనాడు. కానీ ఎస్వీ యూనివర్సిటీలోనో చిత్తూరు చుట్టుపక్కల కాలేజీల్లోనో ట్రిపుల్‌ఈ చదివిన పిల్లోళ్లు చానామంది ఆ సైట్లకే పోతా ఉంటారు, పైగా కరెంటు పంచే కంపెనీ (డిస్కం) ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు తిరుపతిలోనే కాబట్టి ఆ పనుల మీద వచ్చిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లు కనపడితే అడిగేది ఒకటే, "అన్నా, పూలింగ్ సబ్‌స్టేషన్లో వోల్టేజ్ నిలబడటం లేదు, స్టాట్‌కామ్ పెట్టమంటావా, కెపాసిటర్ బ్యాంకుతో సరిపెట్టమంటావా?" (పూలింగ్ సబ్‌స్టేషన్ అంటే టర్బైన్ల కరెంటంతా ఒకచోట చేరి గ్రిడ్‌కి ఎక్కే చోటు, స్టాట్‌కామ్ అంటే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో వోల్టేజ్ సర్దే పెట్టె.)

నేను తిప్పి అడిగేది కూడా ఒకటే. మీ పీపీసీ, అదే పవర్ ప్లాంట్ కంట్రోలర్ (టర్బైన్లన్నిటికీ ఎంత ఇవ్వాలో చెప్పే కంప్యూటర్), ఏ మోడ్‌లో నడస్తా ఉండాది? సగంమందికి తెలీదు, ఎవరో కమిషనింగ్ ఇంజనీరు పెట్టేసి పోయుంటాడు. అది చూడకుండా కోట్లు పెట్టి పెట్టెలు కొనొద్దు సామీ, ఈ రాసేదంతా దాని గురించే.

ముందు బేసిక్ ఒకటి చెప్పుకుందాం, తెలిసినోళ్లు దాటేయండి. గ్రిడ్‌కి కనెక్ట్ అయిన చోట వోల్టేజ్ ఎంత కదలతాదంటే, లైను రెసిస్టెన్స్ గుణించి యాక్టివ్ పవర్, దానికి లైను రియాక్టెన్స్ గుణించి రియాక్టివ్ పవర్ కలిపి, వోల్టేజ్‌తో భాగించినంత. యాక్టివ్ అంటే పని చేసే పవర్, మెగావాట్లలో కొలుస్తారు, రియాక్టివ్ అంటే పని చేయకుండా లైన్లో అటూ ఇటూ ఊగతా వోల్టేజ్‌ని నిలబెట్టేది, ఎంవార్లలో కొలుస్తారు. 220 కేవీలో రెసిస్టెన్స్ చిన్నది, రియాక్టెన్స్ పెద్దది, కాబట్టి ఎంవార్లతో వోల్టేజ్‌ని బాగా ఆడించొచ్చు. అదే 33 కేవీ లైను మీద పొడుగ్గా పోయి డిస్కం సబ్‌స్టేషన్లో కలిసే చిన్న ప్లాంటు అయితే రెసిస్టెన్స్ కూడా గట్టిగానే ఉంటాది, గాలి ఊపందుకుంటే మెగావాట్లే వోల్టేజ్‌ని పైకి నెట్టేస్తాయి, ఎంత రియాక్టివ్ లాగినా కొంతవరకే దిగతాది. ఈ రెండు ప్లాంట్లకీ ఒకే మందు రాయకూడదు.

రెండోది షార్ట్ సర్క్యూట్ రేషియో, ఎస్‌సీఆర్ అంటారు. కనెక్షన్ పాయింటు ఫాల్ట్ లెవెల్‌ని (ఆడ షార్ట్ అయితే గ్రిడ్ ఎంత తోయగలదో చెప్పే నంబరు) ప్లాంట్ మెగావాట్లతో భాగిస్తే వచ్చేది. 100 మెగావాట్ల ప్లాంటుకి ఫాల్ట్ లెవెల్ 500 ఎంవీఏ ఉంటే ఎస్‌సీఆర్ 5, పర్వాలేదు. 3 కిందికి పోయిందంటే వీక్ గ్రిడ్ కింద లెక్క, 2 కిందికి పోతే మామూలు ఇన్వర్టర్ (టర్బైన్ కరెంటుని గ్రిడ్‌కి సరిపోయేట్టు మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె, కన్వర్టర్ అని కూడా అంటారు) కంట్రోల్ తల్లకిందులయ్యే ప్రమాదం ఉండాది. ఈ నంబరు ట్రాన్స్‌కో దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, అది కూడా లైను ఒకటి అవుట్ అయినప్పటి ఫాల్ట్ లెవెల్. అంతా బాగున్నప్పుడు నంబరు ఎవరికైనా అందంగానే ఉంటాది.

ఇప్పుడు ఆ మోడ్ సంగతి. పీపీసీకి మామూలుగా మూడు దారులు: ఇన్ని ఎంవార్లు ఇవ్వు అని ఫిక్స్ చేయడం, పవర్ ఫ్యాక్టర్ (మొత్తం పవర్‌లో పని చేసే వాటా) ఫిక్స్ చేయడం, లేదంటే వోల్టేజ్ కంట్రోల్ విత్ డ్రూప్, అంటే వోల్టేజ్ ఎంత కదిలితే దానికి తగ్గట్టు ఎంవార్లు ఇవ్వడమో లాగడమో. మన సైట్లలో రియాక్టివ్ లాగితే డిస్కం చార్జి వేస్తాదన్న భయంతో పవర్ ఫ్యాక్టర్ యూనిటీకి (1కి, అంటే ఎంవార్లు సున్నా) పెట్టి వదిలేస్తారు. సర్వదర్శనం క్యూలో ముందున్న జనం ఆగినా కదిలినా చూడకుండా ఒకే స్పీడులో నడిచేవాడు ఎట్టా ఉంటాడో ఆ ప్లాంటు అట్టా ఉంటాది, గ్రిడ్ వోల్టేజ్ 245 కేవీ దాటతా ఉన్నా దానికి పట్టదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైపోయింది కదా, దాని మీద యూరప్ గ్రిడ్ ఆపరేటర్ల సంఘం ఇచ్చిన రిపోర్టులో బయటపడిన విషయాల్లో ఇదొకటి, ఆడ రెన్యూవబుల్ ప్లాంట్లు ఫిక్స్‌డ్ పవర్ ఫ్యాక్టర్ మీద నడస్తా ఉండాయి కాబట్టి వోల్టేజ్ ఎక్కతా ఉంటే దాన్ని దించే పని చేయలేదు, ఓవర్ వోల్టేజ్‌కి ఒకటి ట్రిప్ అయితే వోల్టేజ్ ఇంకా ఎక్కి ఇంకోటి ట్రిప్, అట్టా గొలుసు మాదిరి పోయింది.

డ్రూప్ మోడ్‌కి మారిస్తే, డ్రూప్ 4 శాతం అనుకోండి, వోల్టేజ్ సెట్ పాయింట్ నుంచి 4 శాతం పడితే ప్లాంటు తన ఫుల్ రియాక్టివ్ ఇస్తాది, 2 శాతం పడితే సగం. ఖర్చు దాదాపు సున్నా, సెట్టింగ్ మార్పు, కొంచెం టెస్టింగ్, ట్రాన్స్‌కోతో ఎల్‌డీసీతో (గ్రిడ్‌ని నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్) ఉత్తరాలు. నా మాట వింటే మొదటి ఆప్షన్ ఎప్పుడూ ఇదే. ఒక్క జాగ్రత్త, ఒకే బస్‌కి (సబ్‌స్టేషన్లో లైన్లన్నీ కలిసే కడ్డీకి) నాలుగైదు ప్లాంట్లు కలిసి ఉంటే అందరి డ్రూపూ సెట్ పాయింటూ మాట్లాడుకుని పెట్టుకోవాల, లేకపోతే ఒకడు ఎంవార్లు పోస్తా ఉంటే పక్కోడు తాగతా ఉంటాడు.

సరే, డ్రూప్ పెట్టారు, ఇంకా చాలట్లేదు. ఎందుకు చాలదో లెక్క చూడండి, ఈ లెక్క చేయకుండానే చానామంది వెండర్ దగ్గరికి పోతారు. సీఈఏ (కేంద్ర విద్యుత్ అథారిటీ) కనెక్టివిటీ రూల్స్ ప్రకారం కనెక్షన్ పాయింటులో పవర్ ఫ్యాక్టర్ 0.95 ల్యాగ్ (ఎంవార్లు ఇచ్చే వైపు) నుంచి 0.95 లీడ్ (లాగే వైపు) దాకా ఇవ్వగలగాల. 100 మెగావాట్లకి 0.95 అంటే దగ్గర దగ్గర 33 ఎంవార్. టర్బైన్ టెర్మినల్ దగ్గర 0.95 ఇస్తాది అని డేటాషీట్లో ఉంటే సరిపోయిందిలే అనుకుంటారు. కానీ పూలింగ్ సబ్‌స్టేషన్లో 100 ఎంవీఏ పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపెడెన్స్ (లోపలి అడ్డు) 12 శాతం అనుకుంటే, ఫుల్ లోడ్‌లో అదొక్కటే 12 ఎంవార్ దాకా తినేస్తాది. ఒక్కో టర్బైన్ కింద ఉండే 690 వోల్టుల నుంచి 33 కేవీకి ఎక్కించే ట్రాన్స్‌ఫార్మర్లు 6 శాతం చొప్పున అన్నీ కలిసి ఇంకో 6 తింటాయి. 33 కేవీ ఓవర్‌హెడ్ లైన్లు ఇంకాస్త. మొత్తం 18 నుంచి 20 లోపల్లోపలే పోయి, బయటికి చేరేది 13, 15. అంటే మీకు లోటు సుమారు 18, 20 ఎంవార్, అది కూడా గాలి ఫుల్లుగా ఉన్నప్పుడు, ఎంవార్లు ఇచ్చే వైపు మాత్రమే. లాగే వైపు ఇదే నష్టం మీకు కలిసొస్తాది. కాబట్టి ప్లస్ మైనస్ 30 ఎంవార్ స్టాట్‌కామ్ కావాలని ఎవడైనా కొటేషన్ ఇస్తే, మైనస్ 30 దేనికి నాయనా అని అడగండి.

గాలి లేనప్పుడు సంగతి వేరే. టర్బైన్లు ఆగిపోతే కొన్ని మోడళ్లలో రియాక్టివ్ కూడా సున్నా, 33 కేవీ కేబుళ్లు మాత్రం చార్జింగ్‌తో ఎంవార్లు పుట్టిస్తానే ఉంటాయి. గాలి ఆగినా కన్వర్టర్ మాత్రం నడిచి ఎంవార్లు ఇచ్చే ఫీచర్ కొన్ని ఫుల్ కన్వర్టర్ మెషీన్లకి ఆప్షన్‌గా దొరకతాది, టర్బైన్ కొనేటప్పుడే అడిగితే చవక, తర్వాత అడిగితే వాళ్లు చెప్పిందే రేటు.

ఇంక కెపాసిటర్ బ్యాంకు. అన్నిట్లోకీ చవక, మన లైన్‌మెన్‌లకి కూడా తెలిసిన వస్తువు, ఫుల్ గాలిలో ఆ 20 ఎంవార్ లోటు పూడ్చడానికి బ్రహ్మాండంగా సరిపోతాది. కానీ స్టెప్పులుగా వస్తాది కదా, 500 ఎంవీఏ ఫాల్ట్ లెవెల్ ఉన్న బస్‌లో 20 ఎంవార్ ఒకేసారి వేస్తే వోల్టేజ్ 4 శాతం ఎగురుతాది, పక్క ఊరి ఫీడర్లో లైట్లు కొట్టుకుంటాయి. దానికంటే పెద్ద తలనొప్పి రెసొనెన్స్, అంటే కెపాసిటరూ గ్రిడ్ రియాక్టెన్సూ కలిసి ఏదో ఒక హార్మోనిక్ (50 హెర్ట్జ్‌కి ఇన్ని రెట్ల వేగంతో తిరిగే చెత్త కరెంటు) దగ్గర ఊగిపోవడం. ఫాల్ట్ లెవెల్‌ని బ్యాంకు ఎంవార్లతో భాగించి వర్గమూలం తీస్తే ఏ హార్మోనిక్ దగ్గర ఊగతాదో వస్తాది, 500 బై 20 అంటే 25, దాని వర్గమూలం 5, అంటే సరిగ్గా ఐదో హార్మోనిక్! సరే సగం చేద్దామని 10 ఎంవార్ పెడితే 50 వర్గమూలం 7 చిల్లర, ఏడో హార్మోనిక్. ఐదూ ఏడూ రెండూ గ్రిడ్‌లో జాస్తిగా తిరిగేవే. అందుకని సిరీస్ రియాక్టర్ (కెపాసిటర్‌కి వరసలో పెట్టే కాయిల్) లేకుండా ఉత్త కెపాసిటర్ బ్యాంకు పెట్టొద్దు, 6 శాతమో 7 శాతమో డీట్యూన్డ్ రియాక్టర్ వేయించండి, రెసొనెన్స్ ఐదు కిందికి దిగతాది. రియాక్టర్ మానేసి మిగుల్చుకున్న పైసలు ఒక సీజన్లోనే కాలిన ఫ్యూజుల రూపంలో, ఉబ్బిపోయిన కెపాసిటర్ క్యాన్ల రూపంలో తిరిగి కట్టాల్సొస్తాది.

ఇంకో లిమిట్ ఉండాది. బ్యాంకు తీసేసినాక అందులో చార్జి దిగడానికి టైం పడతాది, హై వోల్టేజ్ కెపాసిటర్లకి మామూలుగా పది నిమిషాల లెక్క పెట్టుకుంటారు, అంతదాకా మళ్లీ వేయకూడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాయలసీమలో గాలి నిమిషానికో రకంగా కొడతా ఉంటే ఈ బ్యాంకు దాని వెంట పరిగెత్తలేదు. కాబట్టి కెపాసిటర్ బరువు మోసేదానికి, పరిగెత్తే పని టర్బైన్ కన్వర్టర్‌కి, ఇట్టా పని పంచితే చానా సైట్లు గట్టెక్కతాయి.

ట్యాప్ ఛేంజర్ గురించి ఎక్కువ చెప్పను. ఓఎల్‌టీసీ (లోడు మీద ఉండగానే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల లెక్క మార్చే ట్యాప్ ఛేంజర్) ఎంవార్లు పుట్టించదు, ఉన్న వోల్టేజ్‌ని ఈ పక్క నుంచి ఆ పక్కకి సర్దతాది అంతే. అదీ కొన్ని పదుల సెకన్లు ఆగి ఒక్కో స్టెప్ కదలతాది. కానీ టర్బైన్లు ఎంవార్లు ఇయ్యబోయి 33 కేవీ పక్క 36 కేవీ లిమిట్ కొట్టుకుని ఆగిపోతా ఉంటే, ట్యాప్ సరిగ్గా పెడితే అంతకముందు లేని ఎంవార్లు బయటికొస్తాయి, అది ఊరకే వచ్చే లాభం. రాత్రిళ్లు లోడు తగ్గి వోల్టేజ్ పైకే ఉంటాది అన్నదే మీ సమస్య అయితే షంట్ రియాక్టర్ (ఎంవార్లు తాగే కాయిల్) చూడండి, స్టాట్‌కామ్ అక్కర్లేదు.

అసలు పోటీ ఎస్‌వీసీకీ స్టాట్‌కామ్‌కీ. ఎస్‌వీసీ అంటే థైరిస్టర్ స్విచ్చులతో కెపాసిటర్లనీ రియాక్టర్లనీ ఆడించేది. రెండూ వేగంగానే కదలతాయి, ఎస్‌వీసీ రెండు మూడు సైకిళ్లు, స్టాట్‌కామ్ ఒకటి రెండు. 50 హెర్ట్జ్‌లో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లే కాబట్టి వేగంలో తేడా చూసి మురిసిపోవాల్సిన పని లేదు. తేడా వోల్టేజ్ పడిపోయినప్పుడు కనపడతాది. ఎస్‌వీసీ ఫుల్లుగా ఇస్తా ఉందంటే అది కెపాసిటర్ కిందే లెక్క, దాని ఎంవార్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి పడతాది, వోల్టేజ్ 80 శాతానికి వస్తే ఇచ్చేది 64 శాతం, సగానికి వస్తే పావు వంతు. స్టాట్‌కామ్ కరెంటు తగ్గించదు, కాబట్టి 80 కి 80, సగానికి సగం. అంటే గండంలో ఉన్నప్పుడు సరిగ్గా కావాల్సిన టైంలో ఎస్‌వీసీ చెయ్యి దించేస్తాది. దానికి తోడు ఎస్‌వీసీలో థైరిస్టర్ రియాక్టర్ హార్మోనిక్స్ పుట్టిస్తాది, ఫిల్టర్లు కావాల, యార్డు స్థలం జాస్తి కావాల. స్టాట్‌కామ్ కంటైనర్లో సర్దేసుకుంటాది, కానీ కూలింగ్ సిస్టం, ఫ్యాన్లు, పంపులు, ఐజీబీటీ (పవర్ ట్రాన్సిస్టర్) మాడ్యూళ్లు వీటి మీద కన్నేసి ఉంచాల. అనంతపురం దుమ్ములో మే నెల ఎండలో కూలింగ్ ఫిల్టర్ మూసుకుపోయి డీరేట్ అయ్యే (రేటింగ్ కంటే తక్కువకి దిగే) మెషీన్ పేపర్ మీద ఎన్ని ఎంవార్లు ఉంటే ఏం లాభం. నేనైతే కొత్త ప్లాంటుకి ఈ రెండిట్లో స్టాట్‌కామే అంటా, ఎస్‌వీసీ ఆల్రెడీ ఉన్నోళ్లు దాన్నే బాగు చేయించుకుని వాడుకోవచ్చు. దగ్గర్లో చూడాలనుకునేవాళ్లకి మదనపల్లె దాటి కదిరి పోయే వైపు ఎన్పీ కుంట 400 కేవీ సబ్‌స్టేషన్లో పవర్‌గ్రిడ్ ప్లస్ మైనస్ 100 ఎంవార్ స్టాట్‌కామ్ ఉండాది, అది సోలార్ పార్కు కోసం పెట్టింది గానీ పని అదే.

ఫాల్ట్ వచ్చినప్పుడు నిలబడటం, అంటే ఎల్‌వీఆర్‌టీ, దీన్ని మామూలు వోల్టేజ్ కంట్రోల్‌తో కలిపి కన్ఫ్యూజ్ అవుతారు. మన రూల్ ప్రకారం వోల్టేజ్ 15 శాతానికి పడినా 300 మిల్లీసెకన్లు టర్బైన్ గ్రిడ్‌ని పట్టుకుని ఉండాల, 3 సెకన్లలో 85 శాతానికి కోలుకునే గీత పైన ఉన్నంతసేపూ ట్రిప్ కాకూడదు. పైకి కూడా రూల్ ఉండాది, 110 నుంచి 120 శాతం మధ్య 2 సెకన్లు, 120 నుంచి 130 మధ్య 0.2 సెకన్లు తట్టుకోవాల. ఈడే కెపాసిటర్ వెన్నుపోటు పొడుస్తాది. ఫాల్ట్ అప్పుడు వోల్టేజ్ లేదు కాబట్టి అది ఏమీ ఇయ్యదు, ఫాల్ట్ క్లియర్ అవ్వగానే టర్బైన్లు ఇంకా మెగావాట్లు పెంచుకుంటా ఉంటాయి, లైన్ల మీద లోడు లేదు, బ్యాంకు మాత్రం ఫుల్లుగా వేసి ఉండాది, వోల్టేజ్ ఒక్క ఎగురు ఎగిరి టర్బైన్లు ఈసారి ఓవర్ వోల్టేజ్‌లో పోతాయి. కింద పడి లేచినోడు లేవగానే తల తగిలి మళ్లీ పడినట్టు అని రిలే రికార్డు చూసిన ఎవరైనా అంటారు. అందుకే కెపాసిటర్ పెట్టేవాళ్లు ఓవర్ వోల్టేజ్‌కి బ్యాంకు ముందు తెగిపోయే ప్రొటెక్షన్, టర్బైన్ తర్వాత తెగే కోఆర్డినేషన్ చేయించుకోవాల.

టర్బైన్ సెట్టింగ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి 2016 సెప్టెంబరు 28 సౌత్ ఆస్ట్రేలియా చాలు. సుడిగాలులకి టవర్లు కూలి రెండు నిమిషాల్లో వరసగా వోల్టేజ్ డిప్పులు వచ్చాయి, తొమ్మిది విండ్ ఫార్ములు ఏడు సెకన్ల లోపు 456 మెగావాట్లు తగ్గించేశాయి, రాష్ట్రం మొత్తం చీకటి. మెషీన్లకి ఒక్కో డిప్పూ తట్టుకునే శక్తి ఉండాది, కానీ ఇన్ని నిమిషాల్లో ఇన్నిసార్లు కంటే ఎక్కువ వస్తే ఆగిపో అని లోపల ఒక కౌంటు పెట్టుంది, దాని సంగతి గ్రిడ్ ఆపరేటర్‌కే తెలీదు. మీ టర్బైన్ వెండర్‌ని ఈ ఒక్క ప్రశ్న రాతలో అడగండి, వరసగా ఎన్ని డిప్పులు, ఎంత టైంలో.

ఎస్‌సీఆర్ బాగా తక్కువ ఉన్నోళ్లకి మాత్రం స్టాట్‌కామ్ కూడా పూర్తి మందు కాదు. అది ఎంవార్లు ఇస్తాది గానీ ఫాల్ట్ లెవెల్ పెద్దగా పెంచదు, వీక్ గ్రిడ్‌లో టర్బైన్ కంట్రోళ్లూ స్టాట్‌కామ్ కంట్రోలూ ఒకదాన్ని ఒకటి ఊపుకునే గొడవ కూడా వస్తాది. 2019 ఆగస్టు 9న ఇంగ్లండులో పిడుగు పడి చిన్న డిప్ వస్తే హార్న్‌సీ వన్ సముద్రపు ప్లాంటు 799 మెగావాట్ల నుంచి 62 కి పడింది, కారణం వీక్‌గా ఉన్న నెట్‌వర్క్‌లో వోల్టేజ్ కంట్రోల్ ఊగిసలాడటం, తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి సరిచేశారు. ఆడ పెట్టెలకేం కొదవ లేదు.

అట్టాంటి చోట సింక్రనస్ కండెన్సర్ పనికొస్తాది. జనరేటర్ లాంటిదే, టర్బైన్ ఉండదు, ఊరికే తిరగతా ఉంటాది. నిజమైన ఫాల్ట్ కరెంటు ఇస్తాది, ఇనర్షియా (ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా పడకుండా ఆపే తిరిగే బరువు) ఇస్తాది. సౌత్ ఆస్ట్రేలియా వాళ్లు తర్వాత నాలుగు పెట్టుకున్నారు, ఫ్లైవీల్స్‌తో సహా, 2021లో. కానీ తిరిగే వస్తువు, బేరింగులు, ఆయిల్, రోజంతా నష్టాలు, సివిల్ పనులు, ఒక ప్రైవేటు ప్లాంటు ఒంటరిగా మోయడం కష్టం. ఇది ట్రాన్స్‌కోనో పవర్‌గ్రిడ్డో పెట్టాల్సింది, లేదంటే నాలుగు కంపెనీలు కలిసి. ఎట్టాగూ బ్యాటరీ పెట్టాలనుకుంటా ఉంటే గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్ (గ్రిడ్ వెంట పోకుండా తనే వోల్టేజ్ నిలబెట్టేది) ఉన్నది అడగండి, ఒకే పెట్టుబడిలో ఎంవార్లూ, కొంత గ్రిడ్ బలమూ, సాయంత్రం రేటుకి అమ్ముకునే యూనిట్లూ వస్తాయి. వోల్టేజ్ కోసమనే బ్యాటరీ కొనడం మాత్రం దండగ.

పాత సైట్లు, అంటే 1990ల నాటి చిన్న ఇండక్షన్ జనరేటర్ మెషీన్లు ఉన్నోళ్ల కథ వేరు, అవి ఎంవార్లు లాగడమే గానీ ఇయ్యడం తెలీదు. ఎల్‌వీఆర్‌టీ రూలు 2014 ఏప్రిల్ 15 తర్వాత కమిషన్ అయిన మెషీన్లకి కాబట్టి వాటికి స్టాట్‌కామ్ ఖర్చు పెట్టే బదులు ఉన్న కెపాసిటర్లు పనిచేస్తా ఉండాయా, కాంటాక్టర్లు అతుక్కుపోయాయా చూసుకుని, మిగతా డబ్బు రీపవరింగ్‌కి (పాతవి తీసి కొత్త మెషీన్లు పెట్టడానికి) దాచుకోవడం మేలు.

నేను చెప్పేది వరసలో ఇది. 220 కేవీలో ఎస్‌సీఆర్ 5 పైన, కొత్త టర్బైన్లు ఉంటే డ్రూప్ మోడ్, ట్యాప్ సర్దుబాటు, లోటుకి డీట్యూన్డ్ కెపాసిటర్ రెండు మూడు స్టెప్పుల్లో, అంతే, స్టాట్‌కామ్ మాట ఎత్తొద్దు. 3 నుంచి 5 మధ్య ఉండి, గాలి కదలికలకి వోల్టేజ్ ఊగతా ఉండి, టర్బైన్లలో ఎంవార్లు మిగలకపోతే చిన్న స్టాట్‌కామ్ ప్లస్ కెపాసిటర్ కలిపిన హైబ్రిడ్, 20 ఎంవార్ లోటుకి 10 స్టాట్‌కామ్, 10 కెపాసిటర్ చానాచోట్ల చాలతాది. 3 కిందికి ఉంటే ముందు పీఎస్‌క్యాడ్‌లో (గ్రిడ్‌ని కంప్యూటర్లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్) స్టడీ, అదీ టర్బైన్ వెండర్ ఇచ్చిన అసలు కంట్రోల్ మోడల్‌తో, లైబ్రరీలో దొరికే జెనరిక్ మోడల్‌తో కాదు, అది చేశాకే కండెన్సరా బ్యాటరీనా అన్న మాట. 33 కేవీలో చివరి కొసన ఉన్న చిన్న ప్లాంటు అయితే ఈ పెట్టెలన్నీ పక్కనపెట్టి లైను కండక్టర్ మార్చడానికి డిస్కం ఎంత అడగతాదో కనుక్కోండి, లావు కండక్టర్ వేస్తే వోల్టేజ్ ఎగురుడూ తగ్గతాది, లైన్ లాసూ తగ్గతాది.

టెండర్ రాసేటప్పుడు ఎంవార్ నంబరు ఒక్కటే రాయొద్దు. 45 డిగ్రీల ఎండలో ఎన్ని ఎంవార్లు, 80 శాతం వోల్టేజ్‌లో ఎంత, స్పేర్ మాడ్యూళ్లు సైట్లో ఎన్ని, సర్వీసు ఇంజనీరు బెంగళూరు నుంచో చెన్నై నుంచో ఎన్ని గంటల్లో వస్తాడు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటాది, ఇవన్నీ రాయించుకోండి. ఆ చివరిది జాగ్రత్త, డ్రూప్ ఒక శాతం మార్చాలన్నా వెండర్‌కి మెయిల్ పెట్టి కొటేషన్ కోసం కూర్చునే సైట్లు ఇప్పటికీ ఉండాయి.